రెండు డోర్ల కారు మీద మా షెడ్డు అభిప్రాయాలు

కొత్త కారు మీద అభిప్రాయం చెప్పడానికి ఈ రోజుల్లో కారు ఉండక్కర్లేదు, నడపడం కూడా రానక్కర్లేదు. ఫోన్ ఉంటే చాలు. మిమ్మల్ని వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. మేమూ అదే పని చేశాం, కాకపోతే టీ గ్లాసులు పట్టుకుని, గొంతులు పెంచుకుని చేశాం. అలా మొదలైన ముచ్చట మా షెడ్డులో అందరికంటే మంచి పనివాడి పని తీసేదాకా పోయింది. అందులో నా పాత్ర ఎక్కువ. బండి పని నేర్చుకునే పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను. చదివాక నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

ఆత్మకూరులో ఒక పెద్దమనిషికి అద్దె బస్సులు ఉండేవి. పెళ్ళిళ్ళకూ, అనుమసముద్రంపేట దర్గాకు వచ్చే యాత్రికులకూ, సోమశిల డ్యామ్ చూడటానికి పోయే బడి పిల్లలకూ అవే తిరిగేవి. ఆ బస్సులు బాగుచేసే షెడ్డులో నేను హెడ్ మెకానిక్‌ని. అందరూ నన్ను ‘హెడ్డు’ అనేవాళ్ళు. నా కింద ఒక ఎలక్ట్రీషియన్, ఒక పెయింటరు, ఇంజన్ పని చూసే మేస్త్రీ ఒకడు. డ్రైవర్లు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. పేరుకు నేను పైవాణ్ణి. ఇంజన్‌లో ఏం చెడిందో తేల్చాల్సి వస్తే మాత్రం మేస్త్రీ మాటే మాట.

మేస్త్రీది ఉదయగిరి కొండ కింద పల్లె. రోజూ మొదటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. అతని భార్య చెంచాల చెక్కతోనే మూరెడు కట్టె ఒకటి నున్నగా చెక్కి ఇచ్చింది. నడుస్తున్న ఇంజన్ మీద కట్టె ఒక కొన ఆనించి రెండో కొన చెవికి పెట్టుకుంటే లోపలి చప్పుళ్ళు వినిపిస్తాయి. పాతకాలం మెకానిక్కులందరికీ తెలిసిన పద్ధతే ఇది. మా మేస్త్రీ మాత్రం దాన్ని చెవికి పెట్టుకునేవాడు కాదు. ముందు పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అలా ఉండిపోయేవాడు.

“ఏందిరా అది, చెరుకు గడ మాదిరి?” అని మొదట్లో అడిగాను.

“చెవిలో పెట్టుకుంటే షెడ్డు గోలంతా దూరతాదన్నా. పంట్లో పెట్టుకుంటే ఇంజన్ ఒక్కటే మాట్లాడతాది” అన్నాడు.

ఆ తర్వాత కట్టె తీసి, “నీళ్ళ పంపు బేరింగు పోతా ఉండాది. ఈ వారం ఆగితే దోవలో నిలబెడతాది” అనేవాడు. విప్పి చూస్తే అంతే. నేను ఆ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ అతను చెప్పింది తప్పిన రోజు నాకు గుర్తు లేదు. ఈ ఒక్క వాక్యం ఎప్పుడు చెప్పాలో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేను రిటైర్ కావడానికి కొంత ముందు ఒక విదేశీ కంపెనీ చిన్న కారు ఒకటి తెచ్చింది. చిన్నది అంటే ధరలో కాదు, సైజులో. రెండే డోర్లు, పొడుగాటి బానెట్, లోపలంతా తోలు, రేసు కార్ల ఇంజన్. మా ఎలక్ట్రీషియన్ దాని వీడియోలు తెగ చూసేవాడు. టీ టైముకు ఫోన్ మధ్యలో పెట్టేవాడు. పెళ్ళిచూపులకు పోయినవాళ్ళలా మేమంతా చుట్టూ చేరి వంకలు పెట్టేవాళ్ళం.

“ముందర ఆ జల్లెడేందిరా, పంది ముట్టె మాదిరి ఉండాది?” అన్నాడు దర్గా ట్రిప్పుల డ్రైవరు. “వెనక సీట్లో కూర్చోవాలంటే మనిషిని మడిచి లోపల పెట్టాల. మా బస్సు టాపు మీద ఇంతకంటే సుఖంగా కూర్చుంటారు.”

“ఆ నీలం చూడబ్బయా నువ్వు. ఎండలో ఒక రంగు, నీడలో ఒక రంగు. మన కంప్రెసర్‌తో జన్మలో రాదు” అని పెయింటరు వాపోయాడు.

నేను పెద్దమనిషి తరహాలో, “అదంతా సరే, కింద సందు లేదు. అనంతసాగరం దాటకముందే పొట్ట గీరుకుంటాది” అని తేల్చేశాను. పెళ్ళికొడుకు లేని పెళ్ళికి పెత్తనం చేసినట్టు, మాలో ఒక్కడు కూడా ఆ కారును కంటితో చూడలేదు.

ఎలక్ట్రీషియన్ మాత్రం మా నోళ్ళు మూయించే సంగతి ఒకటి పట్టుకొచ్చాడు. “మీకు తెలవదు హెడ్డూ. లోపల కూర్చున్నోళ్ళకు వినపడే శబ్దం సగం ఇంజన్‌ది కాదంట. స్పీకర్లలో నుంచి వదులుతారంట. అసలు గొంతు సన్నంగా ఉంటాది గదా, అందుకని.”

మేస్త్రీకి ఆ మాట అస్సలు నచ్చలేదు. మామూలుగా ఈ వాదనల్లో అతను పెద్దగా కలిసేవాడు కాదు. ఆ రోజు గ్లాసు కింద పెట్టేసి, “అట్టా చేస్తారా యాడన్నా? ఇంజన్‌కి అరువు గొంతెందుకు?” అన్నాడు. ఎలక్ట్రీషియన్ ఫోన్ సౌండు పెంచి అతని ముందుకు నెట్టి, “నువ్వే విను” అన్నాడు. మేస్త్రీ ఫోన్ వంక కాసేపు చూసి వెనక్కి జరిపాడు. “ఫోన్‌లో వచ్చేది ఫోన్ శబ్దం. తాకకుండా నేను చెప్పను.”

అప్పటినుంచి అతనికి అదే ధ్యాస అయింది. మేము రంగు గురించో రేటు గురించో మాట్లాడుతుంటే మధ్యలో, “ఒక్కసారి దాని మీద కట్టె ఆనించాలన్నా. గొంతు దానిదో కాదో తేల్చేస్తాను” అనేవాడు. జీవితంలో ఏదీ అడగని మనిషి. జీతం పెంచమని కూడా నా ద్వారా ఎప్పుడూ అడిగించలేదు. ఆ కోరిక వింటే నాకు నవ్వొచ్చేది, ముచ్చటేసేది కూడా.

కొన్ని నెలల తర్వాత ఆ కారే మా షెడ్డుకు వచ్చింది. మా యజమాని మేనల్లుడు బెంగళూరులో ఉంటాడు. అతను కొత్తగా కొన్నాడు. స్నేహితులు ఇద్దరితో కలిసి ఉదయగిరి వైపు కొండ రోడ్డులో నడిపి, వీడియో తీసి, తమ అభిప్రాయాలు ఫోన్‌లో పెట్టాలని బయలుదేరాడు. దారిలో మేనమామను చూసి పోతానన్నాడట. ఆ ముందు రోజు యజమాని నన్ను పిలిచి, “మన మేస్త్రీ సంగతి మావాడికి చెప్పినాను. కట్టె పెట్టి ఇంజన్ జాతకం చెప్తాడంటే వాళ్ళు నోళ్ళు తెరిచినారు. రేపు కెమెరా ముందర చెప్పిస్తారంట. షెడ్డు కాస్త శుభ్రం చేయించు” అన్నాడు.

మేస్త్రీకి చెబితే మొహం వెలిగిపోయింది. మర్నాడు, ప్రతి ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. దాని మీద గ్రీజు మరక పడకూడదని షెడ్డులో చేతులు దూరంగా పెట్టుకుని తిరిగాడు.

కారు వచ్చింది. ఫోటోల్లో కంటే చిన్నగా ఉంది, అందంగా ఉంది. పెయింటరు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, డోరు మీద తన నీడ పడేలా వంగి రంగు చూశాడు. డ్రైవరు కిటికీలోంచి వెనక సీటు చూసి నావైపు తిరిగి, చెప్పానా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. కుర్రాళ్ళు మర్యాదస్తులే, అందరికీ నమస్కారం పెట్టారు. బట్టలు మడత నలగలేదు, దగ్గరికొస్తే మంచి వాసన. వాళ్ళలో ఒకడు కెమెరా తీసి మావైపు తిప్పగానే నాకు నా షెడ్డంతా కొత్తగా కనబడింది. నూనె మరకలు, చిరిగిన క్యాలెండరు, పళ్ళ మధ్య కట్టె కరిచి పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న నా మనిషి.

నాకు సిగ్గేసింది. వీళ్ళు నవ్వుతారు, అసహ్యించుకుంటారు అనిపించింది. మేస్త్రీ భుజం పట్టుకుని పక్కకు తిప్పి, “ఒరేయ్, నోట్లో పెట్టుకోబాక. కెమెరా ఉండాది. మనుషుల మాదిరి చెవికి పెట్టుకో” అన్నాను.

అతను నా మొహం వంక చూశాడు. “పళ్ళకైతేనే అన్నా...” అని నసిగాడు.

“ఈ ఒక్కసారికి నేను చెప్పినట్టు చెయ్యరా. పరువు తీయబాక.”

“సరే అన్నా” అన్నాడు.

మేనల్లుడు లోపల కూర్చుని ఇంజన్ ఆన్ చేశాడు. బానెట్ ఎత్తితే ఇంజన్ కనపడలేదు, అంతా నల్లటి మూత. మూత మీద గీత పడకుండా స్నేహితుడొకడు మెత్తటి గుడ్డ నాలుగు మడతలు వేసి, కట్టె దాని మీద పెట్టమన్నాడు. మేస్త్రీ అలాగే పెట్టి, వంగి, రెండో కొన చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. మేనల్లుడు యాక్సిలరేటర్ తొక్కి రెండు మూడుసార్లు రేజ్ ఇచ్చాడు. తర్వాత ఇంజన్ ఆపేసి, అభిప్రాయం అడుగుదామని ఫోన్ పట్టుకుని దిగి వచ్చాడు.

మేస్త్రీ ఇంకా వంగే ఉన్నాడు. కళ్ళు మూసుకునే తల ఊపుతూ, “ఆహా” అన్నాడు. “ఎంత సన్నంగా ఆడతా ఉండాది సార్. ఇదిగో, ఇప్పుడు చూడండి, ఎక్కడా తడబాటు లేదు. గొంతు దానిదే.”

షెడ్డులో చప్పుడు లేదు. బానెట్ కింద ఇంజన్ చల్లారుతోంది. కెమెరా పట్టుకున్నవాడు ముందు అర్థంకాక అటూ ఇటూ చూసి, తర్వాత ఆపుకోలేక నవ్వాడు. ఎలక్ట్రీషియన్ తల దించుకున్నాడు. మేస్త్రీ ఇంకో మాట కూడా అన్నాడు, “ఆపబాకండి సార్, ఇంకొంచెం సేపు” అని.

నేను పోయి అతని చెయ్యి పట్టుకున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూశాడు, అందరి మొహాలూ చూశాడు, కారు బయట నిలబడి ఉన్న మేనల్లుణ్ణి చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే అతనికి తెలిసిపోయింది. “బాగుండాది సార్ బండి” అని చెప్పి, కట్టె తీసుకుని, చేతులు కడుక్కోవడానికి పోయాడు. అతని చేతులకు ఏమీ అంటలేదు.

అప్పుడు నాకు ఒక్కొక్కటీ తట్టింది. అతను ఎప్పుడూ మాట్లాడేవాడి పెదాలు కనబడేలా ఎదురుగానే కూర్చోవడం. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం, పనిలో మునిగిపోయాడులే అని మేము సర్దుకోవడం. ఫోన్ వస్తే ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చి “నువ్వు మాట్లాడు, నా చేతులు మురిగ్గా ఉండాయి” అనడం. ఇన్నేళ్ళు పక్కన పనిచేసి, ఇంజన్ గాలి పీల్చే చప్పుడును బట్టి ఏ బస్సో చెప్పగలిగే నేను, నా పక్క మనిషి వినలేడని కనిపెట్టలేకపోయాను.

యజమాని నన్ను తన గదిలోకి పిలిచాడు. గదికి రోడ్డు వైపు గోడ, షెడ్డు వైపు అద్దం. చెడ్డమనిషి కాదు, భయపడ్డాడు. “బడి పిల్లలు ఎక్కే బస్సులు గదయ్యా అవి. చెవుడు ఉన్నోడు పాస్ చేస్తా ఉంటే మనం పంపిస్తా ఉన్నామా ఇన్నాళ్ళూ? నీకు తెలుసా ఇది?”

తెలియదు అంటే నిజమే అయ్యేది. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ తెలియకపోవడం కూడా నా తప్పే అంటాడని భయం వేసింది. రిటైర్మెంటు ముందు మాట పడటం ఇష్టం లేకపోయింది. “తెలియదు సార్. నన్ను గూడా మోసం చేసినాడు” అన్నాను.

“పోనీ అతను పాస్ చేసిన బండి ఎప్పుడైనా దోవలో నిలిచిందా?”

లేదు సార్, ఒక్కటి కూడా లేదు అనాలి. నోటి దాకా వచ్చింది. “ఏమో సార్, ఇప్పుడు ఏదని నమ్మేది?” అన్నాను.

మర్నాటి నుంచి మేస్త్రీని ఇంజన్ల దగ్గరకు రానివ్వలేదు. బస్సులు కడిగే పని ఇచ్చారు. అతను ఎవరితోనూ గొడవ పడలేదు. పైపు పట్టుకుని అద్దాలు, చక్రాలు కడిగాడు. ఒక వారం పైన వచ్చాడు, తర్వాత మానేశాడు. అతనికి ఎదురుపడి మాట్లాడే ధైర్యం నాకు ఆ వారంలో ఒక్కరోజూ రాలేదు. ఏదైనా పని చెప్పాల్సి వస్తే ఎలక్ట్రీషియన్‌తో చెప్పించాను.

ఆ కుర్రాళ్ళ వీడియో ఫోన్‌లో వచ్చింది. కొండ మలుపుల్లో కారు నీలంగా మెరిసిపోతూ పరిగెత్తింది. కింద కారు ప్రియులందరూ అభిప్రాయాలు రాశారు. స్టీరింగు అద్భుతం అని ఒకరు, వెనక సీటు దండగ అని ఒకరు, గేరు చేత్తో వేసేది ఉంటే బాగుండేదని ఒకరు. మా మేస్త్రీ ముక్క చివర్లో పెట్టారు. ‘ఆపేసినా వినిపించే ఇంజన్’ అని ఎవరో రాస్తే చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. మా ఎలక్ట్రీషియన్ ఆ మేనల్లుడికి ఫోన్ చేసి బతిమాలితే పాపం ఆ కుర్రాడు ఆ ముక్క తీయించాడు. అంత చిన్న పని చేయాలని నాకు తోచలేదు.

అతను మానేశాక ఒకరోజు దర్గా బస్సు ఇంజన్‌లో సన్నటి చప్పుడు మొదలైంది. ఎక్కడినుంచో తెలియదు. నేను పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి చెవికి పెట్టుకున్నాను. పక్కన కంప్రెసరు, రోడ్డు మీద లారీలు, ఏమీ తేలలేదు. విసుగెత్తి చుట్టూ ఎవరూ లేనప్పుడు దాన్ని పళ్ళ మధ్య పెట్టుకున్నాను. షెడ్డు గోల ఒక్కసారిగా దూరం పోయింది. ఇంజన్ నా పుర్రెలో నడిచింది. ఒక్కో వాల్వూ విడివిడిగా తెలిసింది. బస్సు పక్కనే కింద కూర్చుండిపోయాను. అతను మమ్మల్ని మోసం చేయలేదు. చెవులు పోయినా పళ్ళ దారిన వింటూనే ఉన్నాడు, మాకంటే బాగా విన్నాడు. ఆ ఒక్క దారినీ కెమెరా ముందు మూసేసింది నేను. యజమాని గది పది అడుగుల దూరంలో ఉంది. లేచి పోయి ఈ సంగతి చెప్పి ఉండొచ్చు. అతని చోట కొత్త మెకానిక్‌ని పెట్టడం అప్పటికే అయిపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చుంటే ఇవే గుర్తుకొచ్చేవి. చివరికి ఒక ఉదయం ఉదయగిరి బస్సెక్కాను. అతని ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో పందిరి కింద భార్యాభర్తలిద్దరూ చెక్క పని చేస్తున్నారు. ఆవిడ చెంచాల గుంటలు చెక్కుతుంటే, అతను ఆకురాయితో ఫోర్కుల పళ్ళు నున్నగా రుద్దుతున్నాడు. నన్ను చూసి లేచాడు, జుట్టు బాగా తెల్లబడింది. “రా అన్నా, కూర్చో” అన్నాడు. ఆవిడ మజ్జిగ తెచ్చింది కానీ నావైపు చూడలేదు.

“ఎన్నాళ్ళ నుంచమ్మా ఇట్టా?” అని ఆవిడను అడిగాను.

“చానా ఏండ్లయ్యిందయ్యా. చర్చిలో పాట ఎత్తేది ఈయనే. రాగం తప్పతా ఉండానని ఎవరో అన్నారంట, ఆ పొద్దు నుంచి పాడేది మానేసినాడు. పని దగ్గిర మాత్రం మీకు చెప్పొద్దన్నాడు. ఇంజన్లు నాకు తెలస్తానే ఉండాయి గదా, ఎందుకు చెప్పాల అన్నాడు.”

నేను అతనికి ఎదురుగా జరిగి కూర్చున్నాను. నా పెదాలు కనబడేలా, నిదానంగా మొదలుపెట్టాను. “ఆ పొద్దు నేను ఆయన గదిలో ఒక మాట అన్నాన్రా...”

“చూసినాను లే అన్నా” అన్నాడు. కోపం లేదు గొంతులో. “అద్దంలో నుంచి నీ నోరు కనపడతా ఉండె. రెండు మాటలూ చూసినాను.”

అతనికి తెలియదనుకుని నేను ఆ వారమంతా తప్పించుకు తిరిగాను. అతను తెలిసే నా ముందర బస్సులు కడిగాడు.

అతనే మాట మార్చాడు. “ఇంతకీ ఆ కారు ఎట్టా ఉండాదన్నా? నువ్వు విన్నావు గదా. గొంతు దానిదేనా, స్పీకర్‌దా?”

ఏదో ఒకటి చెప్పొచ్చు. షెడ్డులో అలాంటి అభిప్రాయాలు ఎన్ని చెప్పలేదు! కానీ అతను నా నోటి వంక అంత ఆశగా చూస్తుంటే అబద్ధం రాలేదు. “వినలేదురా. అది ఆడతా ఉన్నంతసేపూ నేను ఆ పిలగాళ్ళ మొహాలు చూస్తా ఉన్నాను, ఏమనుకుంటారో అని.”

“అట్టనా” అన్నాడు. ఆకురాయి తీసుకుని పని మీదకు వంగాడు.

“నన్ను క్షమించరా” అన్నాను. పక్కనే ఉన్న ఆవిడకు వినిపించింది, చేతిలో పని ఆపింది. అతను తల వంచుకుని ఫోర్కు పళ్ళు రుద్దుతూనే ఉన్నాడు. భుజం తడితే తలెత్తి చూసేవాడు, మళ్ళీ చెప్పేవాణ్ణి. ఎంతసేపు కూర్చున్నా నాకు చెయ్యి లేవలేదు.